గానుగ చాటున గిద్యోను
(నూతన సంవత్సర పాఠము)

చదువవలసిన భాగము: న్యాయాధిపతులు 6:1 నుండి 7:22 వరకు



ప్రభువు కృపచేత మరియొక సంవత్సరములో అడుగుపెట్టితిమి. డిసెంబరు 31 రాత్రి దేవాలయములో మోకాళ్లూని ప్రార్థించి, పండ్రెండు గంటలు కాగానే ఒకరికొకరు వందనములు చెప్పుకొని, వాగ్దానపు చీటీలు తీసికొని ఇండ్లకు వెళ్లితిమి. ఇప్పుడు ఆ వాగ్దానములు సెల్‌ఫోనులలో కూడ వచ్చుచున్నవి. తెల్లవారునప్పటికి ఒక్కొక్కరికి పది పదునైదు చేరుచున్నవి. చీటీలో దీవెన వచ్చినవారు దానిని కండ్లకద్దుకొని బైబిలులో పెట్టుకొందురు. గద్దింపు మాట వచ్చినవారు మెల్లగా దానిని పెట్టెలో వేసి మరియొకటి తీయుదురు. ఇది మేము ప్రతి సంవత్సరము చూచుచున్నాము. చూచినప్పుడు నవ్వు వచ్చును. అయితే ఆ చేయి రెండవమారు పెట్టెలోనికి పోవుటకు కారణము భయమే. ఈ యేడు ఏమి తెచ్చునో అను భయము.

ఆ భయము ఊరక కల్పించుకొన్నది కాదు. వేసిన విత్తనము మొలచునో లేదో, వాన అదనుకు పడునో లేదో, పత్తికి ధర ఎట్లుండునో ఎవరికి తెలియును? వడ్డీ మాత్రము వాన పడినను పడకపోయినను పెరుగును. ఇంట ఒకరు మంచము పట్టిన యెడల రెండేండ్ల కష్టము ఆసుపత్రిపాలగును. ఇట్టివారికి వేదికమీద నిలువబడి భయపడకుడని చెప్పుట మా వంటివారికి మిక్కిలి తేలిక. ఎకరము పొలమైనను లేని పాదిరికి వాన గూర్చిన భయమేమి?

భయపడవద్దను మాట బైబిలులో 365 మారులు ఉన్నదనియు, దినమునకు ఒకటి చొప్పున దేవుడు మనకు ఇచ్చెననియు కొందరు ప్రసంగీకులు చెప్పుచుందురు. వినుటకు బాగుండును. ఓపికతో లెక్క పెట్టి చూచినవారికి మాత్రము అంత సంఖ్య రాదు. రాకపోయినను మనకు నష్టము లేదు. దేవుడు ఒకమారు చెప్పినను చాలును గదా. మనము ఈ నెల ఆ మాట ఎన్ని మారులున్నదని గాక, అది వినిన తరువాత కూడ భయపడుచునే యున్న ఒక రైతుబిడ్డకు ఏమి జరిగెనో చూతము.

అప్పటికి ఏడు సంవత్సరములనుండి మిద్యానీయులు ఇశ్రాయేలీయులను బాధించుచుండిరి. వారు ఎల్లప్పుడు వచ్చువారు కారు. ఇశ్రాయేలీయులు విత్తనము విత్తిన తరువాత వచ్చెడివారు. అమాలేకీయులును తూర్పువారును వారితో కూడుకొనిరి. లెక్కలేనన్ని ఒంటెలతో మిడతల దండువలె దిగి, పైరును మేపి, గొఱ్ఱెనుగాని ఎద్దునుగాని గాడిదనుగాని మిగులనియ్యక వెళ్లెడివారు. దున్నుట వీరి వంతు, తినుట వారి వంతు. జనులు కొండలలో గుహలు, బొరియలు చేసికొని దాగిరి. మన పెద్దలు జొన్నలను పాతరలలో దాచిన సంగతి ఎరిగినవారికి ఆ దినములు ఎట్టివో వేరుగా చెప్పనక్కరలేదు.

అట్టి కాలమున ఒఫ్రా గ్రామములో యోవాషు కుమారుడైన గిద్యోను గానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టుచుండెను. ఇక్కడ గానుగ అనగా ఎద్దును కట్టి నూనె తీయు మన గానుగ కాదు. ద్రాక్షపండ్లను త్రొక్కుటకు రాతిలో తొలిచిన తొట్టి. కళ్లము ఎక్కడ వేయుదుమో మీకు తెలియును. గాలి తగులు మెరక స్థలమున వేసి, పశువులచేత త్రొక్కించి, తూర్పారబట్టుదుము. గాలి లేని పల్లములో పొట్టు ఎగురదు. గిద్యోను ఆ పనిని పల్లములో, తొట్టి లోపల, ఎద్దులు లేకుండ, చేతికఱ్ఱతో చేయుచుండెను. ఆ దేశములో గోధుమ కోతకాలమునకు ద్రాక్షపండ్లు ఇంకను పండవు గనుక గానుగ దగ్గరకు ఎవరును రారు. అందుకే ఆ చోటు ఎన్నుకొనెను. ఇక్కడ దుళ్లగొట్టుట అనుటకు హెబ్రీ భాషలో వాడిన మాటనే, రూతు పరిగె ఏరుకొని తెచ్చిన యవలను సాయంకాలము దుళ్లగొట్టినప్పుడు కూడ వాడిరి. పరిగె గింజలను కొట్టునట్లు, ఒక భూస్వామి కుమారుడు తన సొంత పొలము గోధుమలను కొట్టుకొనుచున్నాడు.

భయము మనిషిని పని మానిపించును అందురు. అన్నివేళల అట్లు కాదు. గిద్యోను పని మానలేదు, చెమటోడ్చుచునే యున్నాడు. భయము ఆ పనిని చిన్నది చేసినది, చాటునకు ఈడ్చినది. మనలో అనేకుల స్థితి ఇదియే. మా ప్రాంతమున ఒక సహోదరుడు మూడు పంటల కాలము తన అప్పు ఎంతయో భార్యకు చెప్పలేదు. ఉదయమే పొలమునకు పోవును, ఆదివారము గుడికి వచ్చును, కానుక వేయును. అంతయు బాగున్నట్లే కనబడును. రాత్రులు మాత్రము నిద్ర లేదు. ఇట్లు దాచి దాచి, మోయలేక ప్రాణమే తీసికొన్న రైతులు మన జిల్లాలలో ఎందరో మీరెరుగుదురు. గనుక ఇది ప్రసంగమునకు అలంకారముగా చెప్పు మాట కాదు. ఈ సహోదరుడు ఒక రాత్రి నోటుపుస్తకములో కాగితము చించి, ఎవరికెంత, ఎప్పటినుండి, వడ్డీ యెంత అని వరుసగా వ్రాసి భార్యముందు పెట్టెను. ఆ రాత్రి అప్పు ఒక రూపాయియు తగ్గలేదు. ఆమె చాలసేపు ఏడ్చెను. తెల్లవారిన తరువాత ఇద్దరును కలిసి ఆ కాగితము తీసికొని మాయొద్దకు వచ్చిరి. ఏ అప్పు ముందు, ఏ అప్పు తరువాత, బ్యాంకులో ఎవరిని అడుగవలెను అని అప్పుడు కూర్చుండి మాటలాడుకొనగలిగితిమి.

గానుగలోనున్న ఈ మనుష్యుని యొద్దకు యెహోవా దూత వచ్చి, మహా పరాక్రమము గలవాడా అని పిలిచెను. ఎవడైనను వినియుండిన యెడల ఎగతాళి అనుకొనియుండును. గిద్యోను ఆ పిలుపుకు సంతోషింపలేదు. దేవుడు మాతో ఉండిన యెడల ఇదంతయు మాకెందుకు సంభవించెను, మా పితరులు చెప్పిన అద్భుతములు ఎక్కడ అని తిరిగి ప్రశ్నించెను. దేవుడు ఆ ప్రశ్నకు కోపించినట్లు వాక్యములో లేదు. దుఃఖములోనున్నవాడు ఇట్లడిగిన యెడల, అవిశ్వాసి అని వెంటనే ముద్ర వేయుటకు మనకు అధికారము లేదు. అయితే జవాబును ఇయ్యలేదు, పని ఇచ్చెను.

అప్పుడు గిద్యోను చెప్పిన మాట మన జనులకు బాగుగా తెలిసినది. మనష్షేలో నా కుటుంబము లెక్కకు రానిది, నా తండ్రి యింటిలో నేను అందరికంటె తక్కువవాడను అనెను. మన తాతలను ఊరికి వెలుపల ఉంచి, మీరు లెక్కకు రారని తరతరములు చెప్పిరి. ఆ మాట విని విని కొందరు అది నిజమని నమ్మిరి. నేటికిని మన పిల్లవాడు కళాశాలకు వెళ్లుటకు దరఖాస్తు చేతబట్టుకొని, మనకెందుకులే అని గుమ్మమునుండి వెనుకకు వచ్చుట చూచుచున్నాము. దేవుడు గిద్యోనుతో, నీ కుటుంబము గొప్పదేలే అని ముఖస్తుతి చేయలేదు. తక్కువదే అని ఒప్పుకొనలేదు. కుటుంబము సంగతి ఎత్తనే లేదు. నేను నీకు తోడైయుందునని మాత్రము చెప్పెను. లెక్క అక్కడినుండి మొదలుపెట్టుమని అర్థము.

ఇక్కడ ఒక చిన్న సంగతి. అందరికంటె తక్కువవాడనని చెప్పిన ఈ గిద్యోనుకు పదిమంది దాసులున్నట్లు 27వ వచనములో చదువుచున్నాము! భయపడువాడు తనకు లేనివి వ్రేళ్లమీద చెప్పగలడు. ఉన్నవి అడిగిన యెడల జ్ఞాపకము రావు.

తరువాత దూత అదృశ్యుడైనప్పుడు, దేవుని దూతను చూచితిని గనుక చచ్చిపోవుదునని గిద్యోను వణకెను. అప్పుడు దేవుడు అతనితో భయపడవద్దనెను. ఇది జాగ్రత్తగా చూడుడి. గిద్యోనుతో దేవుడు మొదటిసారి ఆ మాట చెప్పినది మిద్యానీయులను గూర్చి కాదు, తన్ను గూర్చియే. నీవు చావవు, నీకును నాకును సమాధానము అని చెప్పెను. గిద్యోను అక్కడ బలిపీఠము కట్టి దానికి సమాధానమను పేరు పెట్టెను. యుద్ధము కాలేదు. ఒంటెలు తరిగిపోలేదు. దాచిన గోధుమలు ఇంకను గానుగలోనే యున్నవి. అయినను బలిపీఠము పేరు సమాధానము. దేవుడు నామీద పగబట్టియున్నాడేమో, అందుకే పంట పోయెనేమో, అందుకే బిడ్డ చనిపోయెనేమో అను భయము మన యిండ్లలో లోతుగా నున్నది. బల్లి పడినను, పిల్లి ఎదురైనను ఉలికిపడుట దాని పిల్లలే. క్రీస్తు సిలువయొద్ద ఆ పెద్ద భయము తీరిన తరువాత మిగిలినవి మిగిలియుండును గాని, వాటి వేరు తెగినది.

ఆ రాత్రియే మొదటి పని వచ్చినది. మిద్యానీయుల పాళెముమీదికి వెళ్లుమని కాదు. సొంత తండ్రి నిలిపిన బయలు బలిపీఠమును పడగొట్టి, దాని ప్రక్కనున్న దేవతాస్తంభమును నరికి, ఆ కఱ్ఱతో ఏడేండ్ల ఎద్దును బలి అర్పింపుమని. ఎద్దు ఉన్న ప్రతివానికి ఈ మాట గుచ్చుకొనవలెను. శత్రువులు పశువులను మిగులనియ్యని దేశములో ఏడేండ్ల ఎద్దు! వారు రాసాగిన యేట పుట్టినదన్నమాట. ఏడు మారులు ఎక్కడ దాచి కాపాడుకొనిరో దేవునికే తెలియును.

గిద్యోను ఆ పని చేసెను. అయితే పగలు కాదు, రాత్రివేళ. కారణము గ్రంథకర్త దాచక వ్రాసెను: తండ్రి యింటివారికిని ఊరివారికిని భయపడి. మిద్యానీయులను గూర్చిన భయము అతనిని గానుగలోనికి తోసినది. నలుగురేమందురో అను భయము అతనిని చీకటిలోనికి తోసినది. ఈ రెండవ భయమే బలమైనదని మా అభిప్రాయము. కరవునకు ఓర్చుకొన్నవారు బంధువుల మాటకు ఓర్చుకొనలేరు. కట్నము అడుగకుండ కుమారునికి పెండ్లి చేయవలెనని మనస్సులో ఉండును. పెదతండ్రి ఏమనునో అని అడుగుదురు. పండుగనాడు సారా ముట్టనని తీర్మానము చేసికొని, బావమరుదులు నవ్వుదురని గ్లాసు అందుకొందురు.

రాత్రి చేసినందుకు దేవుడు అతనిని తప్పు పట్టలేదు. ఇది మాకు ఎప్పుడును ఆశ్చర్యము. పగటివేళ ధైర్యముగా చేసిన యెడల లెక్కలోనికి తీసికొందునని అనలేదు. వణకుచున్న చేతులతో, చీకటిలో, పదిమందిని తోడు తీసికొని చేసిన పనియు పనియే. తెల్లవారగా ఊరివారు వచ్చి గిద్యోనును చంపవలెనని అడిగిరి. అప్పుడు అతని పక్షముగా నిలిచినదెవరు? ఎవరికి భయపడి రాత్రి చేసెనో ఆ తండ్రియే! బయలు దేవుడైన యెడల తన సంగతి తానే చూచుకొనునని యోవాషు జనులతో చెప్పెను. తన బలిపీఠము పడినప్పుడు తన నోరు తెరచుకొన్నది. కుమారుడు మొదటి అడుగు వేయువరకు ఆ తండ్రి మనస్సులో ఏముండెనో ఎవరికి తెలిసినది?

బొచ్చు పరచి గురుతు అడిగిన సంగతి మీకు తెలియును గనుక దానిని ఇక్కడ విడుచుచున్నాము. పెండ్లి సంబంధమునకును, గేదెను కొనుటకును అట్టి గురుతులు అడుగుమని మాత్రము ఎవరును బోధింపకుందురు గాక.

ఏడవ అధ్యాయములో 32,000 మంది కూడిరి. భయపడువాడు ఇంటికి పోవచ్చునని చాటింపగా 22,000 మంది వెళ్లిపోయిరి. మిగిలిన 10,000 మందిలో 300 మందిని మాత్రము దేవుడు నీళ్లయొద్ద ఏర్పరచెను. వెళ్లినవారిని ఎవరును తిట్టలేదు. భయపడువాడు తన సహోదరుల గుండె కరగింపకుండ ఇంటికి పోవలెనని ద్వితీయోపదేశకాండము 20:8 లో ముందే యున్నది. మరియొక సంగతి కూడ చూడుడి. 6:35 లో పిలిచిన మనష్షే, ఆషేరు, నఫ్తాలి వారినే 7:23 లో శత్రువులను తరుముటకు మరల పిలిచిరి. ఉదయము ఇంటికి పోయినవారిలో అనేకులు అప్పుడు వచ్చియుందురు. పోయిన సంవత్సరము వెనుకకు తిరిగి పోయినవారికి ఇది మంచి సమాచారము.

ఇప్పుడు పదవ వచనము చదువుడి. భయపడు 22,000 మంది వెళ్లిన తరువాత ఆ రాత్రి దేవుడు సేనాపతితోనే, దిగిపోవుటకు నీకు భయమైన యెడల నీ పనివాడైన పూరాను తోడు తీసికొని పాళెమునకు వెళ్లుమని చెప్పుచున్నాడు. భయములేని యెడల వెళ్లనక్కరలేదు. గిద్యోను వెళ్లెను! అనగా అందరికంటె ముందు ఇంటికి పంపవలసినవాడు సేనాపతియే గదా. వారికిని ఇతనికిని భేదమేమి? వారికి భయమున్నది, ఇతనికిని ఉన్నది. వారు ఇంటివైపు దిగిరి, ఇతడు చీకటిలో శత్రువుల గుడారములవైపు దిగెను, ప్రక్కన ఒకని తీసికొని దిగెను. పూరా పేరు ఈ ఒక్కచోటనే వచ్చును. అతడు మాటలాడినట్లు లేదు, యుద్ధము చేసినట్లు లేదు, తోడు నడచెను. మన సంఘములో ప్రసంగీకులు కావలసినంతమంది యున్నారు. అప్పులవాని యింటికి, ఆసుపత్రికి, మండల కచేరికి ఒకనితో కూడ నడచు పూరాలు తక్కువ.

పాళెములో వారు వినినది ఒక సైనికుని కల. యవల రొట్టె ఒకటి దొర్లుకొని వచ్చి గుడారమును తాకి తలక్రిందులు చేసెనట. యవలు ఆ దేశములో పేదల తిండి. సొలొమోను దినములలో గుఱ్ఱములకు పెట్టినది. 2 రాజులు 7:1 చూచిన యెడల, ఒక మానిక సన్నని పిండి ధరకు యవలు రెండు మానికలు వచ్చును. మనకు జొన్నరొట్టె అనుకొనుడి. ఆ రొట్టె గిద్యోనే అని శత్రువుల నోటనే వచ్చినది. గానుగలో లెక్కకు రానివాడనన్న మనుష్యుడు, అదే మాటను ఇప్పుడు శత్రువు భయపడుచు చెప్పగా విని, అక్కడనే దేవునికి మ్రొక్కెను. అతడు ఇప్పుడును యవల రొట్టెయే, గోధుమరొట్టె కాలేదు. రొట్టె మారలేదు, దొర్లించు చేయి తెలిసినది.

తరువాత బూరలు, ఖాళీ కుండలు, వాటిలో దివిటీలు. గోధుమలను చాటున దాచుట నేర్చినవాడు నడిజామువరకు వెలుగును కుండలో దాచి, అదనుకు పగులగొట్టెను. భయములో నేర్చిన విద్యకూడ వ్యర్థము కాలేదు.

వయస్సు మించినది, ఇక మేమేమి నేర్చుకొందుము అనువారికి ఒక మాట. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1874లో తిరునెల్వేలి సీమలోని వెళ్లాలన్‌విళై గ్రామములో పాదిరి యింట పుట్టిన తమిళుడు. 1909లో గురుపట్టము పొంది దోర్నకల్ ప్రాంతమునకు సేవకు వచ్చిరి. వయస్సు సుమారు ముప్పది యైదు. భాష తెలుగు, అది తనది కాదు. క్రొత్త భాషను నేర్చుకొనువాడు చిన్నపిల్లలు నవ్వుచుండగా తప్పులు మాట్లాడియే నేర్చుకొనవలెను. వేరు దారి లేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా ప్రతిష్ఠించిరి. అంతకుముందు అది తగదని చెప్పినవారు దొరలలోను ఉండిరి, మనవారిలోను ఉండిరి. ఊరి వెలుపలి పేటలలోనున్న మన తాతలయొద్దకు ఆయన వెళ్లి వారి భాషలోనే బోధించిరి. 1945 జనవరి 1న, క్రొత్త సంవత్సరపు మొదటి దినముననే, దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి.

గిద్యోను కథ ఇంతటితో ముగియలేదు. ఎనిమిదవ అధ్యాయములో అతడు కోపించిన ఎఫ్రాయిమీయులకు మృదువుగా జవాబిచ్చెను, రాజరికము వద్దనెను. తరువాత బంగారముతో ఏఫోదు చేయించి ఉరిలో పడెను. భయము జయించిన తరువాత వచ్చు ఆ శోధన వేరు. దానిని వచ్చే నెల చదువుదము.

ఈ నెల గృహకూటములలో మొదటి వారము 6:1 నుండి 24 వరకును, రెండవ వారము అధ్యాయము చివరవరకును, మూడవ వారము ఏడవ అధ్యాయమును చదువుడి. చదువురానివారున్న యింట మెల్లగా రెండు మారులు చదువుడి. చదివిన తరువాత పెద్దలు ప్రసంగము చేయక, ఒక్కొక్కరిని మూడు సంగతులు అడుగుడి: ఏ పనిని చాటున చేయుచున్నారు, ఈ నెలలో తమ యింటిలోనే మొదట చేయవలసినది ఏది, దానికి పూరాగా ఎవరిని తోడు తీసికొందురు. చెప్ప నిష్టములేనివారిని బలవంతము చేయవద్దు. అప్పును గూర్చి ఎవరైనను నోరు విప్పిన యెడల ఆ మాట ఆ యింటి గడప దాటకూడదు. వారిని ఆ వారములోనే మాయొద్దకు గాని సంఘపెద్ద యొద్దకు గాని తోడుకొని రండు. రాత్రివేళ వచ్చినను తలుపు తీయుదుము.